సీసా మీద గీత

తెలియని నంబర్ నుంచి మెసేజ్ వస్తే మా ఇంట్లో ఎవరూ జవాబివ్వరు. ఇది మా నాన్న పెట్టిన ఆచారం. ఆయన ఉన్నన్నాళ్ళూ ఫోన్‌ని నాలుగుసార్లు మోగనిచ్చి, ఎత్తి, అవతలివాళ్ళు పేరు చెప్పేదాకా ఊపిరి బిగబట్టి వినేవారు తప్ప హలో అనేవారు కాదు. ‘ముందు వాళ్ళెవరో తేలనీ. మనం ఇంట్లో ఉన్నామని వాళ్ళకెందుకు తెలియాలి?’ అనేవారు. ఆయన పొడుగు నాకు రాలేదు, ఆయన లెక్కలు రాలేదు, ఆ అనుమానం మాత్రం పొల్లుపోకుండా వచ్చింది. నేపర్‌విల్‌లో మా వీధిలో డోర్‌బెల్‌కి మొదట కెమెరా పెట్టించింది నేనే. గుమ్మంలో పెట్టి వెళ్ళిన పార్సిల్‌ని కూడా లోపలికి తెచ్చేముందు రెండుసార్లు తిప్పి చూస్తాను. మా ఆయన నన్ను అనుమానప్పక్షి అని వెక్కిరిస్తాడు. అననీ. ఇంతవరకు మా ఇంట్లో ఎవరూ మోసపోలేదు.

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్న, ఇడ్లీ పిండి కలుపుతూ ఉండగా ఫోన్‌లో స్పానిష్ మెసేజ్ ఒకటి కనబడింది. స్పానిష్ నాకు కొత్త కాదు. ఆస్పత్రిలో ఇంటర్‌ప్రెటర్‌గా డాక్టరు మాటలు రోగికి, రోగి మాటలు డాక్టరుకి చేరవేయటమే ఇన్నేళ్ళుగా నా ఉద్యోగం. కానీ ఇది ఆస్పత్రి నుంచి కాదు. ‘మీరు బొగోటాలో దోన్యా ఎల్వీరా ఇంట్లో ఉన్న వసుధగారేనా? మీ వస్తువు ఒకటి మా దగ్గర ఉండిపోయింది. మీకు అందజేయాలి’ అని ఉంది. మా ఆయన నా భుజం మీదుగా చూసి, నేను అర్థం చెప్పేలోపలే తేల్చేశాడు. “స్కామ్. బ్లాక్ చెయ్. రేపు కస్టమ్స్ ఫీజ్ పంపమంటారు చూడు.” నాకూ అదే అనిపించింది. కానీ ఆ పేరు విని ముప్ఫై అయిదేళ్ళయింది. పిండి చేతిని తువ్వాలుకి తుడుచుకుని, పరీక్ష పెట్టాను. ‘ఆ ఇంట్లో టెలిఫోన్ ఎక్కడ ఉండేది?’ అని అడిగాను. నిమిషంలో జవాబు వచ్చింది. ‘మెట్ల కింద. దానికి చిన్న తాళం ఉండేది.’ నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అమెరికా వచ్చేనాటికి నాకు పధ్నాలుగేళ్ళు. తెనాలిలో తొమ్మిదో తరగతి మధ్యలో ఆపించి తీసుకొచ్చారు. ఇంగ్లిష్ అంటే హడలిపోయేదాన్ని. రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి, ఎవరు నవ్వుతారో తెలియదు. స్కూల్లో రెండో భాషగా స్పానిష్ తీసుకున్నాక ప్రాణం లేచొచ్చింది. అ అంటే అ, ఇ అంటే ఇ, రాసినట్టు చదివితే చాలు, మాటలు చాలావరకు మన మాటల్లాగే అచ్చుతో హాయిగా ఆగుతాయి. కాలేజీలో కూడా అదే పట్టుకున్నాను. మూడో ఏడు ఒక సెమిస్టర్ బొగోటా వెళ్ళి చదివిరమ్మని ప్రొఫెసర్ చెబితే ఎగిరి గంతేశాను. కొలంబియా అనేసరికి నాన్న వారం రోజులు సరిగా నిద్రపోలేదు. ఆఖరికి ఒప్పుకుని, పాస్‌పోర్ట్ పెట్టుకోటానికి లోపలి లంగాకి జేబు కుట్టించారు. “ఎవర్నీ నమ్మకు. నవ్వుతూ మాట్లాడేవాళ్ళని అసలే నమ్మకు” అన్నారు. అమ్మ అవేమీ చెప్పలేదు. చికాగో వెళ్ళి పచ్చి మామిడికాయలు వెతికి తెచ్చి, ముక్కలు కొట్టి, ఆవకాయ కలిపి, కాఫీపొడి వచ్చిన పెద్ద గాజు సీసాలో నింపింది. సీసా మీద నా పేరు, ఇంటిపేరుతో సహా ఇంగ్లిష్‌లో రాసి కాగితం అంటించింది. ఎయిర్‌పోర్ట్‌లో నాన్న ఒక చెవిలో, అమ్మ ఒక చెవిలో ఏవేవో చెబుతూనే ఉన్నారు. నేను రెండు వైపులా తలూపుతూ సరే సరే అంటూ విమానం ఎక్కాను.

బొగోటా కొండల మీద ఊరు. దిగిన రెండు రోజులూ నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. రోజూ మధ్యాహ్నం వాన, ఎండాకాలం అన్నది లేని చలి. కాలేజీ వాళ్ళు నన్ను పెట్టింది ఎర్ర ఇటుకల రెండంతస్తుల ఇంట్లో. దాని యజమానురాలు దోన్యా ఎల్వీరా. దోన్యా అంటే మన గారు లాంటిదే, కాకపోతే పేరుకి ముందొస్తుంది. భర్త పోయాడు, కూతురు పెళ్ళయి వేరే ఊళ్ళో ఉండేది. అప్పటికి ఆవిడకి ఇప్పటి నా వయసే, నా కళ్ళకి మాత్రం ముసలావిడ. బూడిదరంగు ఉన్ని దుప్పటి భుజాల మీదుగా కప్పుకుని, నడుముకి తాళాల గుత్తి వేలాడదీసుకుని తిరిగేది. వీధి తలుపుకి మూడు గడియలు. ఎవరైనా బెల్ కొడితే ‘ఎవరు?’ అని మూడుసార్లు, మూడు గొంతులతో అడిగేది. మెట్ల కింద నల్ల టెలిఫోన్ డయల్‌కి ఇత్తడి తాళం. అది చూడగానే నాన్న గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ తర్వాత, ఈ తాళం నా కోసం వేసిందా, ముందు నుంచీ ఉందా అని అనుమానమొచ్చింది. ఇల్లంతా నేలకి రాసే మైనం వాసన, తడి ఉన్ని వాసన, మరుగుతున్న బెల్లం వాసన. పొద్దున్నా సాయంత్రం బెల్లంనీళ్ళు కాచి పెద్ద కప్పులో పోసి, అందులో జున్ను ముక్క వేసి ఇచ్చేది. మొదటిరోజు ఆ జున్ను చూసి, ఇది ఎవరో తినగా మిగిలిందేమో అనుకున్నాను. మధ్యాహ్నం బంగాళాదుంపల పులుసు, ఉప్పు కూడా అంతంతమాత్రం. భోజనం కాగానే ఆవిడ సున్నపునీళ్ళలాంటి తెల్లటి మందు ఒక చెంచా తాగి, సీసాని అలమరలో పెట్టి తాళం వేసేది. దేనికి మందు అని అడిగితే చెప్పేది కాదు. అది కూడా నా లెక్కలో వేసుకున్నాను.

ఇక మాటలు. నా పుస్తకంలో నువ్వుకి ఒక మాట, మీరుకి ఒక మాట ఉన్నాయి. దగ్గరివాళ్ళని నువ్వు, దూరం వాళ్ళని మీరు అనాలని నేర్పారు. దోన్యా ఎల్వీరా నన్ను మొదటి రోజు నుంచీ మీరు అనే పిలిచింది. ఇరవయ్యేళ్ళ పిల్లని పట్టుకుని మీరేమిటి, నన్ను గుమ్మం బయట నిలబెట్టినట్టు? బొగోటా వాళ్ళు సొంత పిల్లల్నీ, కుక్కల్నీ కూడా మీరు అంటారని తెలియటానికి నాకు రెండు నెలలు పట్టింది. పైగా వాళ్ళకి వ పలకదు. నా పేరు ఆవిడ నోట్లో ‘బసూదా’ అయింది. నిఘంటువు తిరగేస్తే దానికి దగ్గరగా ఉన్న మాట బసూరా, అంటే చెత్త. ఆ పూట అన్నం సయించలేదు. ఇంత చదువు చదివి, ఆవిడ నన్ను కావాలని అలా పిలుస్తోందనే నమ్మాను. నా వైపు నుంచి మాటలు తక్కువ. స్పానిష్ క్లాసులో గలగలా వచ్చేది, ఆవిడ ముందు నాలుక మడతపడేది. ఆవిడ ఏది చెప్పినా తల అడ్డంగా ఊపి సరే అనేదాన్ని. వేడినీళ్ళు పదినిమిషాలే వస్తాయి అంటే సరే. చీకటి పడకముందే ఇంటికి రండి అంటే సరే. ఆ మాట నోట్లోంచి తెలుగులోనే దొర్లిపోయేది, నేను అంటున్నట్టు నాకే తెలిసేది కాదు. ఆవిడ మాత్రం నేను సరే అన్నప్పుడల్లా కనుబొమలు ముడిచి, ఒక క్షణం నన్ను చూసి వెళ్ళిపోయేది.

ఆవకాయ సీసా నా గదిలో కిటికీ పక్కన చెక్క మీద ఉండేది. ఆదివారాలు ఆ ఇంట్లో వంట ఉండదు. ఆ రోజు మాత్రం చిన్న గిన్నెలో అన్నం వండుకుని, రెండు ముక్కలు వేసుకుని తినేదాన్ని. మిగతా ఆరు రోజులూ మూత తీసేదాన్ని కాదు, అయిపోతే ఎక్కడ దొరుకుతుంది? మూడో ఆదివారం సీసా చూస్తే కొంచెం తగ్గినట్టు తోచింది. ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. కాలేజీకి వెళ్ళేటప్పుడు కాగితం నా మంచం వైపు ఉండేది, తిరిగొచ్చేసరికి గోడ వైపు తిరిగి ఉండేది. ఎవరో రోజూ తీస్తున్నారన్నమాట. ఎవరో ఏమిటి, ఇంట్లో ఉన్నదే ఇద్దరం. ఆ ఆదివారం తిన్నాక ఎర్ర నెయిల్ పాలిష్‌తో సీసా మీద, ఆవకాయ ఎంత దాకా ఉందో అంత దాకా సన్నగా ఒక గీత గీశాను. వారం రోజులు ముట్టుకోలేదు. మళ్ళీ ఆదివారానికి ఆవకాయ గీతకి అర అంగుళం కిందికి దిగింది. అమ్మ చేతి ఆవకాయ, వేల మైళ్ళు మోసుకొచ్చింది, అడిగితే ఇవ్వనా? అడగకుండా దొంగతనంగా తినటమేమిటి, ఇంత పెద్దింట్లో ఉండి? పైగా ఆవిడ మిరియం గింజ నోట్లో పడితే దగ్గే మనిషి. అది నాకు తెలుసు. తెలిసి కూడా నా బుర్ర అటు వెళ్ళలేదు. అనుమానం పట్టిన బుర్రకి ఒకటే దారి కనిపిస్తుంది.

మూడు రోజుల తర్వాత క్లాసులు రద్దయి పెందలాడే ఇంటికొచ్చాను. బయట వాన. దోన్యా ఎల్వీరా నా గదిలో, మైనం గుడ్డ ఒక చేత్తో, నా ఆవకాయ సీసా ఇంకో చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. వేలితో ఆ ఎర్ర గీత తడుముతోంది.

“ఇదేమిటి?” అని అడిగింది.

“గుర్తు” అన్నాను.

“దేనికి గుర్తు?”

నా చూపు గీత మీది నుంచి ఆవిడ నోటి మీదికి వెళ్ళింది. ఆవిడ అర్థం చేసుకుంది. చెంపలు ఎర్రబడ్డాయి. సీసాని మెల్లగా చెక్క మీద పెట్టి, నా ఎదురుగా నిలబడి, ప్రతి మాటా విడివిడిగా అంది. “నేను దీన్ని తినలేదు.”

నేను తల అడ్డంగా ఊపి “సరే” అన్నాను.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. “సెరా? సెరా?” అంది. నాకు అర్థం కాలేదు. సేరా అంటే మైనం. పొద్దున్న నేలంతా మైనం పట్టించింది, చేతిలో ఆ గుడ్డే ఉంది. నేల సంగతి అడుగుతోందనుకుని, “బాగా మెరుస్తోందండీ” అన్నాను. దోన్యా ఎల్వీరా నేను తన ముఖం మీద కొట్టినట్టు చూసి, గుడ్డ అక్కడే వదిలేసి కిందికి వెళ్ళిపోయింది. ఆ రోజు బెల్లంనీళ్ళు కప్పులో పోసి నా గది గుమ్మం ముందు నేల మీద పెట్టింది. జున్ను వేరే సాసర్‌లో పెట్టి మూత వేసింది. నాకది ఒప్పుకోలు లాగా కనబడింది. తప్పు చేసింది కాబట్టి ముఖం చూపించలేకపోతోంది అనుకున్నాను.

మర్నాడు కాలేజీలో ఇళ్ళు చూసే ఆఫీసుకి వెళ్ళి, ఇల్లు మార్చమని ఫారం నింపాను. కారణం దగ్గర రెండే వాక్యాలు రాశాను. నా గదిలో తిండి పదార్థాలు తగ్గిపోతున్నాయి. నాకు అక్కడ ఉండటం ఇష్టం లేదు. ఆఫీసులో ఉన్నావిడ చదివి, మారు మాట్లాడకుండా స్టాంపు కొట్టింది. శనివారం దోన్యా ఎల్వీరా చర్చికి వెళ్ళినప్పుడు సామాను సర్దుకున్నాను. సీసా తీసుకెళ్ళలేదు. సగం కన్నా ఎక్కువే ఉంది. అంత ఇష్టమైతే తిననీ అని, దాన్ని గది మధ్యలో బల్ల మీద, గీత గుమ్మం వైపు కనబడేలా పెట్టి వచ్చాను. ఆ పని తలుచుకుని ఎన్నో ఏళ్ళు లోలోపల మురిసిపోయాను, సిగ్గు లేకుండా. ఇల్లు ఎందుకు మారావని అమ్మ ఫోన్‌లో అడిగితే, కాలేజీకి దూరమని అబద్ధం చెప్పాను. ఆవకాయ ఎవరో తిన్నారంటే నాన్న మర్నాడే విమానం ఎక్కించేవారు.

మెసేజ్ పంపింది దోన్యా ఎల్వీరా మనవరాలు లూసియా. నేను అక్కడున్నప్పటికి పుట్టను కూడా లేదు. చికాగోలో నర్సుగా పనిచేస్తోంది, సీసా మీద అమ్మ రాసిన పేరు పెట్టి వెతికితే ఆస్పత్రి పేజీలో దొరికానట. స్టేషన్ దగ్గర కాఫీషాప్‌లో కలుద్దామని నేను రాశాను. నలుగురు తిరిగే చోటు, గొడవుండదు అనుకున్నాను. మా అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. ఆ మాట విని కయ్యిమంది. “ట్రైన్ ఎక్కి ఇంత దూరం వచ్చే పిల్లని హోటల్లో కూర్చోబెట్టి మాట్లాడతావా? ఇంటికి తీసుకురా, ఉప్మా చేస్తాను.” తీసుకొచ్చాను. కార్‌లో కూడా ఆ పిల్ల ఒళ్ళో ఉన్న సంచీ వైపే చూస్తూ డ్రైవ్ చేశాను. వీసాకి సంతకం అడుగుతుందా, ఉద్యోగానికి సిఫారసు అడుగుతుందా? ఊరికే వస్తువు ఇవ్వటానికి ఎవరొస్తారు?

వంటింటి బల్ల దగ్గర కూర్చుని లూసియా సంచీలోంచి పాత తువ్వాలులో చుట్టింది తీసి విప్పింది. అదే సీసా. ఎర్ర గీత అలాగే ఉంది, చివర కొంచెం పెచ్చు లేచింది. లోపల కాఫీపొడి, సరిగ్గా గీత దాకా.

“అమ్మమ్మకి తొంభై ఏళ్ళు. ఇల్లు అమ్మేస్తున్నాం. ఇది మాత్రం సొంతదారుకి చేర్చమంది” అంది లూసియా స్పానిష్‌లో. “మా ఇంట్లో ఇందులో కాఫీ పోస్తే గీత దాకానే పోయాలి. ఎక్కువైనా ఊరుకోదు, తక్కువైనా ఊరుకోదు. చిన్నప్పుడు నేను ఒకసారి తప్పు పోస్తే కొలిచి మళ్ళీ పోయించింది. ఈ ఇంట్లో ఎవరూ ఏమీ ముట్టుకోలేదని సాక్ష్యం అనేది.”

“అందులో ఉన్న పచ్చడో?” అని అడిగాను.

“మీరు మళ్ళీ వస్తారని ఏడాది ఉంచిందట. కడుపులో పుండు, కారం వాసన కూడా పడదు ఆవిడకి. సీసా కింద నూనె కారితే మాత్రం రోజూ తుడిచేది, చెక్క పాడవుతుందని.” లూసియా కొంచెం తటపటాయించింది. “ఆ తర్వాత కాలేజీ వాళ్ళు మా ఇంటికి ఎవర్నీ పంపలేదు. అడిగితే ఫిర్యాదు ఉంది అన్నారట, ఏం ఫిర్యాదో చెప్పలేదు. అమ్మాయిలు వస్తూ పోతూ ఉంటే ఇల్లు నిండుగా ఉంటుందని అమ్మమ్మకి ఇష్టం. ఆ గది అలాగే ఉంచేసింది. ఆ ఇండియా అమ్మాయి నేను చెప్పిన ఒక్క మాటా నమ్మలేదు, ఏం చెప్పినా తల ఇలా ఊపి ‘సెరా?’ అనేది అని ఇప్పటికీ అంటుంది.”

“నేనా? నేనలా ఎప్పుడూ అనలేదే!” అన్నాను. సెరా అంటే ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఉత్తగా ఆ ఒక్క మాటే అంటే, అవునంటారా, నమ్మమంటారా అని దెప్పటం. పెద్దవాళ్ళ ముఖాన అలా అనటానికి నాకు అప్పుడంత స్పానిష్ ఎక్కడ వచ్చి ఏడ్చింది?

పొయ్యి దగ్గర్నుంచి అమ్మ కేకేసింది. “ఏమే, ఆ అమ్మాయికి కాఫీ పెట్టనా?”

నేను తిరిగి చూడకుండా తల ఊపి “సరే” అన్నాను.

లూసియా చేతిలో తువ్వాలు బల్ల మీద పెట్టేసింది. “అదే! ఇప్పుడన్నారు కదా, అదే! తల కూడా అలాగే ఊపారు.”

నేను నా నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. సరే, సెరా. అచ్చులు అటుదిటు, ఇటుదటు, అంతే తేడా. ఇన్నేళ్ళుగా రోగుల నోటి మాట పొల్లుపోకుండా డాక్టర్లకి చేరవేస్తున్నానని విర్రవీగేదాన్ని. నా నోట్లోంచి వచ్చిన రెండక్షరాలు అవతలి మనిషి చెవిలో ఏమై పడ్డాయో నాకు తెలియలేదు. వేడినీళ్ళు పదినిమిషాలే వస్తాయి అంటే, సెరా? చీకటి పడకముందే రండి అంటే, సెరా? నేను దీన్ని తినలేదు అంటే, సెరా? తల్లీ! పైగా నేల మెరుస్తోందండీ అని ఒకటి!

అమ్మ కాఫీ పట్టుకొచ్చి సీసా చూసి గుర్తుపట్టింది. తన అక్షరాలు తనకి తెలియవా? గీత ఏమిటని అడిగింది. దాచి లాభం లేదు, ముప్ఫై అయిదేళ్ళ తర్వాత మొత్తం చెప్పాను. అమ్మ వింటూ వింటూ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వటం మొదలెట్టింది.

“ఓసి నీ అనుమానం పాడుగాను! కొత్తావకాయ కుంగదూ? ముక్క మెత్తబడి దిగుతుంది, పిండి నూనె పీల్చుకుంటుంది. నెల తిరిగేదాకా దిగుతూనే ఉంటుంది. అందుకేగా నేను ఏటా పైన నూనె పోసేది. ఎయిర్‌పోర్ట్‌లో నీకు చెప్పాగా, కుంగితే నూనె కాచి చల్లార్చి పోసుకోవే అని? నువ్వు సరే అన్నావు.”

నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళొచ్చినా ఆవకాయ కలిపిన పాపాన పోలేదు నేను. అమ్మ నూనె పోసి, సర్ది, జాడీలోంచి తీసి ఇస్తే తినటమే. ఆ ఇంట్లో దొంగ లేనే లేదు. దోన్యా ఎల్వీరా కాదు, ఎవరూ కాదు. మామిడికాయ ముక్కలు వాటంతటవే కిందికి దిగాయి, నేను ఒక మనిషి ఇంటి పేరు చెడగొట్టాను. ఆవిడ తాళాలు చూసి నవ్వుకున్న దాన్ని, ఇప్పుడు నా ఫోన్‌కి నా ముఖం చూపిస్తే గాని తెరుచుకోదు. ఆవిడ ‘ఎవరు?’ అని మూడుసార్లు అడిగి, ఆ తర్వాత తలుపు తీసేది, ఎక్కడి పిల్లనో నన్ను లోపలికి రానిచ్చింది. నేను కెమెరాలో చూసి, ఇంట్లో లేనట్టు ఊరుకుంటాను. మా మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. చదువుకునే పిల్లని ఎవర్నైనా పెట్టుకుందాం అని మా ఆయన అన్నప్పుడల్లా, వద్దని కొట్టిపారేసింది నేనే.

“మాట్లాడతారా? ఈ టైమ్‌కి మేలుకునే ఉంటుంది” అంది లూసియా. నేను సిద్ధపడేలోపలే వీడియో కాల్ చేసింది. తెర మీద దిండ్లకి ఆనుకున్న చిన్న ముఖం, తెల్లటి జుట్టు, భుజాల మీద అదే బూడిదరంగు దుప్పటి. నన్ను చాలాసేపు చూసింది. “బసూదా” అంది. ఆ పిలుపు వింటే ఏడుపొచ్చింది.

నేను స్పానిష్‌లో చెప్పటం మొదలుపెట్టాను. ఎవరూ తినలేదండీ, ఆ పచ్చడి కొత్తలో దానంతటదే కిందికి దిగుతుందట, మా అమ్మ ఇప్పుడే చెప్పింది, ఫిర్యాదు రాసింది నేనే, తప్పంతా నాది అన్నాను. ఆవిడకి వినపడకపోతే లూసియా ఫోన్‌కి దగ్గరగా వంగి గట్టిగా మళ్ళీ చెప్పింది. సరే అనేది మా భాష మాట అని, మీరు విన్న సెరా కాదని కూడా చెప్పాను. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. “సరే అంటే మీరు చెప్పింది నమ్మాను అని అర్థమండీ. ఆరోజు నేనన్నది అదే” అన్నాను.

దోన్యా ఎల్వీరా ఒక కనుబొమ ఎత్తింది. “సెరా?” అంది.

ఈసారి అది మైనం కాదు, తెలుగూ కాదు. నాకు స్పష్టంగా అర్థమైంది. నా ముఖం వేడెక్కింది. ఆవిడ మాట తప్పు విన్నది గాని, నన్ను సరిగ్గానే విన్నది. ఆరోజు నేనన్న సరేలో నమ్మకం గింజంత కూడా లేదు. లూసియా తలొంచుకుంది. అమ్మకి భాష రాదు, మా ముఖాలు చూస్తూ చేతిలో ఉప్మా గిన్నెతో నిలబడిపోయింది.

“లేదండీ” అన్నాను. “ఆరోజు నేను మిమ్మల్ని నమ్మలేదు. మీరే తిన్నారనుకున్నాను. మీరు చూడాలనే గీత గుమ్మం వైపు తిప్పి పెట్టాను. ఇప్పుడు నమ్ముతున్నాను. నన్ను క్షమించండి.”

లూసియా మళ్ళీ చెప్పబోతే ఆవిడ చేత్తో వారించింది. వినపడినట్టే ఉంది. నన్ను చూసింది, నా వెనక బల్ల మీదున్న సీసాని చూసింది. నేను అప్పట్లో ఊపినట్టే తల అటూ ఇటూ అడ్డంగా ఊపి, ఒక్క మాట అంది. అప్పుడే బొమ్మ బిగుసుకుపోయి, మాట సగం తెగి వినపడింది. మొదటి అక్షరం స అనిపించింది, సె అని కూడా అనిపించింది. బొమ్మ కదిలేసరికి కళ్ళు మూసుకుని దిండు మీదికి ఒరిగింది. అలసిపోయిందని లూసియా కాల్ ఆపేసింది.

“ఏమందే ఆవిడ ఆఖర్న?” అని అడిగింది అమ్మ.

“సరే అందమ్మా” అన్నాను.

తెలుగు రాని లూసియా నేనన్న ఆ మాట విని చటుక్కున నా వైపు చూసింది. నేను ఏది అన్నానో తేల్చుకోలేనట్టు కాసేపు అలాగే చూసి, కాఫీ కప్పు అందుకుంది.